రన్‌వే మీద ఇళ్ళు

డెన్వర్ యూనియన్ స్టేషన్‌లో విమానాశ్రయానికి వెళ్ళే రైలెక్కితే మూడో స్టేషను సెంట్రల్ పార్క్. పెట్టెలతో, వీపు సంచులతో కూర్చున్నవాళ్ళెవరూ అక్కడ కదల్లేదు. కొత్త విమానాశ్రయానికి పోతున్న ఆ రైలు పాత విమానాశ్రయపు నేల మీద ఆగిందని వాళ్ళలో ఎందరికి తెలుసో! నేను దిగాను.

మా మేనకోడలు కారు తెచ్చింది. "ఇక్కడేముంది మామయ్యా, కొండల్లోకి పోదాం పద" అంది. "మీ వీధుల్లో ఒకప్పుడు విమానాలు దిగేవమ్మా, ముందు అది చూపించు" అన్నాను. చూపించడానికి తన దగ్గరా పెద్దగా ఏమీ లేదని కాసేపటికే తేలింది.

1929 అక్టోబరులో ఇక్కడ డెన్వర్ పురపాలక విమానాశ్రయం తెరిచారు. పట్టుబట్టి కట్టించిన మేయరు బెంజమిన్ స్టేపుల్టన్. ఊరికి ఇంత దూరాన ఈ దండగ ఎందుకని అప్పట్లో వెక్కిరించారు. 1944లో ఆయన పేరే దానికి పెట్టారు. తర్వాత ఊరు పెరిగి విమానాశ్రయాన్ని చుట్టేసింది. ఇంటర్‌స్టేట్ 70 రహదారి మీద వంతెనలు కట్టి వాటి మీదుగా విమానాలను నడిపించే దాకా వచ్చింది. కింద లారీలు, పైన జెట్లు!

అసలు చిక్కు రన్‌వేల మధ్య ఎడం. పక్కపక్క రన్‌వేలు మరీ దగ్గరగా ఉండటంతో, మంచు కురిసినా మబ్బు దిగినా రెండింటి మీదా ఒకేసారి విమానాలు దించడానికి వీలయ్యేది కాదు. అమెరికాలో బాగా రద్దీ ఉండే విమానాశ్రయాల్లో అదొకటి కాబట్టి, డెన్వర్‌లో మంచు పడితే ఎక్కడెక్కడి ప్రయాణికులో పడిగాపులు పడేవారు. ఉత్తరానికి జరుగుదామంటే రసాయన ఆయుధాలు తయారైన రాకీ మౌంటెన్ ఆర్సెనల్ అడ్డం. పక్కనున్న పార్క్ హిల్ వాళ్ళు మోత భరించలేక కోర్టుకెక్కారు. చివరికి దూరంగా ఈశాన్యాన కొత్తది కట్టి, 1995 ఫిబ్రవరి 27 రాత్రి దీన్ని మూసేశారు. సామాను బండ్లు బారులు తీరి కొత్త చోటికి తరలిపోయాయి.

మిగిలింది 4,700 ఎకరాలు. హైదరాబాదువాణ్ణి కాబట్టి నాకు బేగంపేట గుర్తుకొచ్చింది. 2008 మార్చిలో శంషాబాద్ తెరవగానే బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి గానీ, రన్‌వే అలాగే ఉంది, వైమానిక దళం వాడుకుంటోంది. డెన్వర్ అలా కాదు, మొత్తం పగలగొట్టింది. 60 లక్షల టన్నులకు పైగా కాంక్రీటును పిండి చేసి, కంకరగా రోడ్లకూ తదితర పనులకూ వాడేశారు. భూమిని ఉచితంగా పంచడానికి కూడా వీల్లేదు. విమానాశ్రయపు ఆస్తి గనుక మార్కెట్ ధరకే అమ్మాలన్నది కేంద్ర నిబంధన. 12,000 ఇళ్ళు, 30,000 మంది అని ప్రణాళిక వేశారు. 2002లో మొదటి కుటుంబాలు దిగాయి.

వీధులు ముచ్చటగానే ఉన్నాయి. కారు షెడ్లన్నీ వెనక సందులోకి నెట్టి, ముందువైపు వరండాలు పెట్టారు. మన అరుగుల్లా పలకరింపులకని కట్టారు గానీ, నేను తిరిగిన మధ్యాహ్నం వాటి మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు. ధరలు మాత్రం చుక్కల్లో ఉన్నాయని మేనకోడలు వాపోయింది.

నాకు నచ్చింది నీళ్ళ సంగతి. వెస్టర్లీ క్రీక్ అనే వాగును విమానాలున్నన్నాళ్ళూ రన్‌వేల కింద గొట్టాల్లో పారించారు. కాంక్రీటు పోయాక దాన్ని మళ్ళీ వెలుతురులోకి తెచ్చారు. ఇప్పుడు ఒడ్డున గడ్డి, పిల్లల సైకిళ్ళు. తూర్పున బ్లఫ్ లేక్ ఇంకా చిత్రం. రన్‌వే చివర ప్రమాదాలకోసమని ఖాళీగా వదిలిన నేల కావడంతో జనాన్ని రానిచ్చేవాళ్ళు కాదు. ఆ కంచె పుణ్యమా అని పక్షులూ జింకలూ బతికిపోయాయి. విమానాశ్రయం వల్ల ప్రకృతికి ఇంత మేలు జరుగుతుందని ఎవరూ ఊహించి ఉండరు.

మిగిలిన ఆనవాళ్ళలో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేది కంట్రోల్ టవరు. 2017లో దాని పాదాన భోజనశాల, ఆటల మందిరం పెట్టారు. కోవిడ్ కాలంలో అది మూతపడితే, 2022లో బీరు తయారుచేసేవాళ్ళు తెరిచారు. టవరు కింద నిలబడి పైకి చూశాను. ఇళ్ళ మధ్య అంత ఎత్తున ఒంటరిగా ఏదో పొరపాటున మిగిలిపోయినట్టుంది.

కాంక్రీటును పగలగొట్టినంత తేలిగ్గా పేరు పోలేదు. కాలనీకి కూడా స్టేపుల్టన్ అనే పేరే వచ్చింది. ఆ మేయరు 1920లలో తెల్లజాతి దురహంకారుల సంస్థ కు క్లక్స్ క్లాన్ సభ్యుడు, వాళ్ళ అండతో గెలిచినవాడు. పేరు మార్చాలని కొందరు ఏళ్ళ తరబడి అడిగారు. 2019లో ఇళ్ళ యజమానులు ఓటేసి వద్దన్నారు. నల్లజాతివాడైన జార్జి ఫ్లాయిడ్ పోలీసు చేతిలో హత్యకు గురయ్యాక, 2020లో, గాలి మారింది. చివరి పోటీ సెంట్రల్ పార్క్, స్కైవ్యూ అనే రెండు పేర్ల మధ్య జరిగింది. పార్కు గెలిచింది.

"నాకు ఓటుంటే స్కైవ్యూకే వేసేవాణ్ణి" అన్నాను. "మేం అప్పుడు అద్దెకున్నాం మామయ్యా, ఎవరూ అడగలేదు" అంది మేనకోడలు.