పనియు, ప్రయాసయు

“బలమును, ఆ బలముయొక్క దిశలో వస్తువు కదలిన దూరమును గుణింపగా వచ్చునది పని” యని మా బందరు పాఠశాలలో ఏటేట బోధించుచున్నాను. సూత్రము సులభము, బాలు రొక్క దినములో వల్లింతురు. అయినను దాని యర్థమును నాకు దెలిపినవాడు దివిసీమనుండి వచ్చి మావద్ద జదివిన యొక బాలుడు.

ఒకనాడు తరగతిలో నిట్లంటిని: “75 కిలోల ధాన్యపుబస్తాను ఒకటిన్నర మీటరు ఎత్తునకు లేపినవాడు సుమారు 1,100 జౌళ్ల పని చేసినవాడు. దానిని తలపై నుంచుకొని సమతలమున నిలుకడగా నూరు మీటర్లు నడచినవాడు చేసిన పని సున్న.” అందరును నవ్విరి. ఆ బాలుడు మాత్రము నవ్వక లేచి, “అయ్యగారూ, మా నాయన గుడివాడలో బియ్యపుమిల్లున బస్తాలు మోయును. సాయంకాలమునకు నిలువలేక గోడకు జేరగిలబడును. ఆయన పని చేయనట్లేనా?” యని యడిగెను.

“శాస్త్రప్రకారము చేయనట్లే” యంటిని. అంతలో గంట మ్రోగెను. ఆ మాట కఠినమని మనస్సు వెంటనే గద్దించెను. అది శాస్త్రదృష్టిలోను తప్పే యని గ్రహించుటకు మాత్రము రాత్రియంతయు బట్టెను.

సున్నయైనది, బస్తాను మోయు బలము బస్తాపై జేయు పని మాత్రమే. బలము మీదికి, చలనము ముందునకు. రెండును లంబముగా నున్నందున నట్లయ్యెను. అది మోయువానిగూర్చిన తీర్పు కాదు. బరువు మోయుచున్నంతసేపును వాని కండరములలోని సన్ననిపోగులు పట్టుచు, విడుచుచు, మరల పట్టుచుండును. అడుగడుగునకు దేహము కొంచెము లేచి దిగును. తిన్న యన్నములోని శక్తి యిట్లు వ్యయమై చాలవరకు వేడిమిగా మారును. ఆ వేడిమిని వెలికిబంపుటకే చెమట పోయును. అదే బస్తాను బల్లపై నుంచినచో, బల్ల దినమంతయు మోయును గాని యలయదు. దానికి అన్న మక్కరలేదు, మనుష్యునికి గావలెను.

ఇంత పనికి ఇంత వేడిమి యను లెక్క గలదని జేమ్సు ప్రెస్కాటు జౌలు 1843లో ప్రకటించెను. రాబర్టు నోబిలుదొర బందరులో పాఠశాలను స్థాపించినదియు నా సంవత్సరముననే. నేడు పనిని మనము కొలుచునది ఆ జౌలు పేరిటి ప్రమాణముతోనే. శక్తి నశింపదు, రూపము మార్చుకొనును. ఆ తండ్రి శక్తియు నశింపలేదు. నా లెక్కలో దానికి జోటు లేకపోయెను, అంతియే.

మన సీమలో గొండలు లేవు. గుడివాడ మొదలు నాగాయలంక దనుక నేల బల్లపరుపు. కోతలకాలమున స్త్రీలు పనలమోపులు తలనిడుకొని గట్లవెంట నడతురు. సమతలమున మోయువారికి బని లేదన్నచో, ఈ డెల్టాలో కష్టపడువారే యరుదగుదురు గదా!

మరునాడు తరగతిలో, “నిన్న నేను జెప్పినది తప్పు” అని యొప్పుకొంటిని. ఆ బాలునిచేతనే నల్లబల్లపై రెండు వరుసలు వ్రాయించితిని: “బస్తాపై మోయు బలము చేసిన పని సున్న. మోసినవాడు వ్యయపరచిన శక్తి సున్న కాదు.” వాడు రెండవ వరుసక్రింద, నేను జెప్పకయే, గీత గీచెను.

విద్యార్థులారా, పుస్తకమున “పని” యను మాట కనబడినపుడెల్ల, ఏ బలము, దేనిపై, ఏ దిశలో అని యడుగుడు. సున్న యని వ్రాయుటకు ముందు, ఆ సున్న యెవరిదో విచారింపుడు.