వాన కాదు, ఈసుళ్ళు

మీరు ఉసిళ్ళంటారేమో, మా యింట్లో ఈసుళ్ళంటాం. ముళబాగిలు పక్క పల్లె మాది. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. చెదలుని 'గెద్దలు' అని పరీక్షలో రాసినవాణ్ణి నేను. తెలుగు రాయడం ముప్పై దాటినాకే నేర్చుకున్నా, తప్పులుంటే పెద్దవాళ్ళు దిద్దండి.

2020 జులై 17, శుక్రవారం. కరోనా అని బెంగుళూరు గది ఖాళీ చేసి ఊరికొచ్చేసినా. నడవలో కూర్చుని లాప్‌టాప్‌లో పని. అప్పుడు మా టీము చేతిలో ఉన్నది, వాన ఎప్పుడొస్తుందో ఫోనుకి చెప్పే ఒక ఆప్. వాడేది ఇంగ్లండు వాళ్ళు. సోమవారం రిలీజు.

సాయంత్రం మ్యాపు చూస్తే లండన్, కెంట్, ససెక్స్ మీద వాన మరకలు. ఉపగ్రహం బొమ్మలో చూస్తే అక్కడ వాన మబ్బే లేదు. విమానాశ్రయం రిపోర్టులోనూ వాన లేదు. ఎండలో నిలబడినవాడికి మా ఆప్ 'గొడుగు తీసుకో' అని మెసేజు పంపుతుంది! పెద్ద బగ్ అని రాసి, రిలీజు ఆపమన్నాను. మేనేజరుకి కోపమొచ్చింది. ఫోను మీద ఫోను. చిన్న సిగ్నళ్ళన్నీ తీసేస్తే సరిపోతుందని ఉపాయం కూడా నేనే రాసిచ్చినా. రెండు సంవత్సరాలుగా ప్రమోషన్ కోసం చూస్తున్నవాణ్ణి, అదీ మనసులో ఉంది.

కాసేపటికి బ్రిటన్ మెట్ ఆఫీసు వాళ్ళే చెప్పేశారు: అది వాన కాదు, రెక్కల చీమల గుంపు.

రాడార్ చేసే పని ఇంతే. తరంగాన్ని వదులుతుంది, దేనికో తగిలి తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. ఎంత బలంగా తిరిగొస్తే అంత వాన అని లెక్క. పురుగు ఒంట్లోనూ నీళ్ళుంటాయి కదా, లక్షల్లో లేస్తే సన్నవాన మాదిరే కనిపిస్తుంది. అంతకు ముందు సంవత్సరం, 2019 జూన్ 4న, దక్షిణ కాలిఫోర్నియా రాడార్‌లో దాదాపు 80 మైళ్ళ వెడల్పున ఇలాంటి మరకే పడింది. అవి అక్షింతల పురుగులు! మన చేలల్లో పేనుబంకను తినేవే. 5,000 నుంచి 9,000 అడుగుల ఎత్తులో పోతున్నాయంట.

(కంప్యూటరులో తప్పుని 'బగ్' అనేవాళ్ళం కదా, 1947లో హార్వర్డ్ వాళ్ళ మిషన్లో నిజంగానే ఒక చిమ్మట ఇరుక్కుంటే దాన్ని పుస్తకంలో అంటించి పెట్టినారు. నాకు దొరికింది మాత్రం ఆకాశమంత బగ్.)

సిగ్గుతో బగ్ మూసేద్దామని కూర్చున్నా. అవ్వ వక్కాకు నములుతా పక్కకొచ్చింది.

"ఏమిరా, మొగం అట్ల పెట్టుకున్నావు?"

చెప్పినా. చీమలకు రెక్కలొచ్చి, జత కోసం చాలా పుట్టల్లోంచి గుంపుగా లేస్తాయని, తర్వాత రాణి చీమలు రెక్కలు రాల్చి నేలలో దూరతాయని.

"ఈసుళ్ళ మాదిరేనా?"

"అట్లే అవ్వా, ఇవి చీమలు."

"మనకు వాన పడినాక ఈసుళ్ళు లేస్తాయి. ఆ మిషనుకు ఈసుళ్ళు లేస్తే వాన పడినట్టా?" పకపకా నవ్వింది. తర్వాత అంది, "వాన లేదు సరే. ఏమీ లేదని ఎట్ల రాస్తావు? ఏదో ఉండాది కదరా ఆడ."

నా ఉపాయంలో పొరపాటు అప్పుడు తట్టింది. చిన్న సిగ్నళ్ళన్నీ తీసేస్తే చీమలతో పాటు నిజమైన తుంపర కూడా పోతుంది. ఇంగ్లండులో తుంపర పోతే ఇంక ఆప్ ఎందుకు? రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, కొత్త రాడార్లు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి తరంగాలు పంపుతాయని. చినుకులన్నీ ఇంచుమించు ఒకే తీరు కాబట్టి రెండు జవాబులూ బాగా కలుస్తాయి, ఆ పోలిక అంకె 1కి దగ్గరుంటుంది. పురుగులు పొడుగు ఒళ్ళు, రెక్కలు, తలా ఒక వైపు తిరిగి ఉంటాయి, అంకె బాగా పడిపోతుంది. ఆ అంకె మా ఆప్ తీసుకోవడమే లేదు.

బగ్ మూయలేదు. నా ఉపాయం తప్పని నేనే రాసి, పేరు మార్చి, ఆ అంకె తీసుకోండని పెట్టినా. రిలీజు రెండు వారాలు వెనక్కి పోయింది. ప్రమోషన్ ఆ సంవత్సరం రాలేదు.

అవ్వకు అవేవీ పట్టలేదు. చిన్నప్పుడు పుట్ట దగ్గర దీపం పెట్టి, కింద వెడల్పు పాత్రలో నీళ్ళు పోసి ఈసుళ్ళు పట్టేవాళ్ళంట. వేయించి, బొరుగుల్లో కలుపుకొని తినేవాళ్ళంట. పడుకునే ముందు మళ్ళీ అడిగింది:

"అంత గుంపు లేస్తే, ఆ ఊర్లో పట్టుకునేవాళ్ళు ఒక్కరూ లేరా?"