అంగ్‌కోర్ చూచి వచ్చితిమి, బోరోబుదూర్ చూడబోవుచున్నాము

(దృశ్యము: ప్రాతఃకాలము. అంగ్‌కోర్ వాట్ పడమటి పరిఖ, దానిపై రాతిబాట.)

బంధుమిత్రులారా, మేము ఇల్లు చేరినది మొదలు కుశలప్రశ్నలతోపాటు "ఏమేమి చూచితిరి, మరల ఎక్కడికి ప్రయాణము?" అని మీరందరును అడుగుచున్నారు. ఫోనులో ముక్కలు ముక్కలుగా బదులు చెప్పుట నాకు తృప్తి నొసగలేదు. కావున కంబోడియాలో చూచిన దానిని, రానున్న వేసవిలో జావా ద్వీపమున చూడదలచిన దానిని ఒక్కచోట కూర్చి, తీరికగా మీకు వినిపింపవలెనని ఈ వీడియో సిద్ధపరచితిని.

యాత్రలో చూచినదానిని ఆత్మీయులకు వినిపించు ఈ మర్యాద తెలుగువారికి నేటిది కాదు. 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, మరుసటి యేడు సెప్టెంబరులో తిరిగివచ్చువరకును, దారిలోని మజిలీలను, నీటివసతిని, సరకులు దొరకు తావులను, కోవెలలను, జనుల ఆచారములను శ్రద్ధతో వ్రాసి, తమ మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి. ఆ వ్రాతలే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చుపడినవి. తాను పొందిన ఆనందమునే గాక, రేపు అదే బాట పట్టువానికి అక్కరకు వచ్చు సంగతినిగూడ ఆత్మీయులకు అందించుట యాత్రికుని ధర్మమని ఆ గ్రంథము చదివిన ప్రతివారికిని తోచును. కలము వహించిన ఆ భారమును నేడు కెమెరా వహించుచున్నది.

(దృశ్యము: దూరమున ఆలయ శిఖరములు.)

మీ యెదుట కనబడుచున్నది అంగ్‌కోర్ వాట్. క్రీ.శ. 12వ శతాబ్ది పూర్వార్ధమున ఖ్మేరు ప్రభువగు రెండవ సూర్యవర్మ విష్ణుదేవునకై కట్టించిన యీ మహాలయము, మన దేవాలయములలో పెక్కింటివలె తూర్పునకు గాక, పడమటి దిక్కునకు ముఖము చేసియున్నది. చుట్టును సుమారు 190 మీటర్ల వెడల్పుగల పరిఖ. లోపల ఒకదానిపై నొకటిగా మూడంతస్తుల ప్రాకారములు. నడుమ మేరుపర్వతమును తలపించు అయిదు శిఖరములు. ఇంతటి నిర్మాణమునకు వలసిన ఇసుకరాయి కూలెన్ కొండల చెంతనుండి వచ్చినది. పడమటి మంటపమున దక్షిణభాగమంతయు కురుక్షేత్రము, ఉత్తరభాగమంతయు లంకాయుద్ధము. అంపశయ్యపై నున్న భీష్ముని చూచి గుర్తుపట్టుటకు మనవారికి ఏ గైడును అవసరము లేదు.

(దృశ్యము: తూర్పు మంటపము. గోడపై శిల్పము. కెమెరా మెల్లగా ఎడమనుండి కుడికి.)

ఇక్కడ కొంతసేపు నిలుతము. తూర్పు మంటపమున, దక్షిణపు పార్శ్వమున, సుమారు 49 మీటర్ల పొడవున సాగిన యీ శిల్పము క్షీరసాగరమథనము. ఎడమవైపున 92 మంది అసురులు వాసుకి తలవైపునను, కుడివైపున 88 మంది దేవతలు తోకవైపునను పట్టి లాగుచున్నారు. నడుమ కూర్మముపై మందరము, దాని ముందు చతుర్భుజుడై విష్ణువు. పైని ఆకాశమున అప్సరసలు బారులు తీరి నర్తించుచున్నారు. క్రింద సముద్రమును చూడుడు: అంచులయందు చేపలు, మొసళ్ళు నెమ్మదిగా ఈదుచున్నవి; కవ్వపుగొండ దగ్గరకు వచ్చుకొలది సుడి వేగమునకు తాళలేక రెండుగా తెగి ఎగురుచున్నవి. ఆ మథనవేగమును, కదలని రాతియందు, తెగిన చేపలతో చూపిన శిల్పి ప్రతిభకు చేతులు జోడింపక తప్పదు.

పెద్దమ్మా, పోతనగారి భాగవతమున అష్టమస్కంధములోని యీ కథను చిన్ననాట మీ నోటనే మేము వింటిమి. ఈ గోడయెదుట నిలిచి మీకు వీడియో కాల్ చేసినప్పుడు, నా కన్ను విష్ణువు నొద్దనే చిక్కుకొనియుండగా, "ఆ తోక కొసను పట్టుకొన్నవాడు వానరునివలె నున్నాడే, మన కథలో అతడెక్కడివాడు?" అని కాకినాడలో కూర్చుండి మీరడిగిరి. మీ ప్రశ్న నన్ను ఆ కొసవరకు నడిపించినది. నిజమే, పోతనగారి కథలో లేని వానరుడు ఖ్మేరు శిల్పమున దేవతలకు సాయము వచ్చియున్నాడు. ఒకే కథ సముద్రము దాటి మరియొక జాతి హృదయములో నివసించినపుడు ఆ జాతి దానికి తనదైన పాత్రను చేర్చుకొన్నదని ఆ క్షణమున నాకు స్ఫురించినది. ఇంటనున్న మీ చూపు తోడు రాకున్న, నేను ఈ విశేషమును దాటిపోయి యుందును.

(దృశ్యము: బయోన్ ముఖగోపురములు; తా ప్రోమ్‌లో గోడలను చుట్టిన చెట్టువేళ్ళు.)

ఖ్మేరు రాజగు ఏడవ జయవర్మ కాలమునాటి ఆలయమగు బయోన్‌లోని ప్రసన్నముఖములను, 1186లో ప్రతిష్ఠితమైన ఆలయమగు తా ప్రోమ్‌ను మీరు ఫోటోలలో చూచియే యున్నారు. తా ప్రోమ్ జీర్ణోద్ధరణమున మన భారత పురావస్తుశాఖవారు పాలుపంచుకొనుట మనకు సంతోషకారణము.

ఇక వెళ్ళదలచిన వారికి కొన్ని మాటలు. అంగ్‌కోర్ ప్రవేశపు టికెట్టు ఒకరోజునకు 37 డాలర్లు, మూడురోజులకు 62, ఏడురోజులకు 72. మూడురోజులది తీసికొనుట మేలు. భుజములను, మోకాళ్ళను కప్పు వస్త్రములు ధరింపవలెను. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు ఎండ తాళదగినదిగా నుండును. పై అంతస్తునకు మెట్లు మిక్కిలి నిటారుగా నుండును గాన, మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు అక్కడికి ఎక్కకున్నను కొరత లేదు; క్రింది మంటపముల శిల్పములకే ఒక పూట చాలదు.

(దృశ్యము: జావా పటము. యోగ్యకర్తపై గుర్తు.)

ఇక రాబోవు ప్రయాణము. ఇండోనేసియాలోని యోగ్యకర్తలో బసచేసి, బోరోబుదూర్, ప్రంబనన్ అను రెండు మహాక్షేత్రములను చూడ సంకల్పించితిమి. క్రీ.శ. 9వ శతాబ్దినాటి బోరోబుదూర్ స్తూపమున 2,672 శిల్పఫలకములు ఉన్నవి; బుద్ధవిగ్రహములు మొదట 504 ఉండెడివి. మొదటి ప్రదక్షిణమార్గమున 120 ఫలకములలో బుద్ధుని చరిత్ర లలితవిస్తరము ననుసరించి సాగును. రాతిమెట్లు అరగకుండుటకై పైకి ఎక్కువారి సంఖ్యను పరిమితము చేసి, వారికి ప్రత్యేకమైన అల్లిక చెప్పుల నిచ్చుచున్నారు. కావున టికెట్లు ముందుగనే తీసికొనవలెను. ప్రంబనన్‌లో 47 మీటర్ల శివాలయపు ప్రదక్షిణమార్గమున మొదలైన రామాయణ శిల్పము ప్రక్కనున్న బ్రహ్మాలయమున ముగియును.

ఈ మారు తిరిగివచ్చిన పిదప చెప్పుటకంటె, బయలుదేరుటకు ముందే మీతో మాటలాడవలెనని నా కోరిక. గుంటూరు బాబాయిగారూ, అమరావతి శిల్పములలో మాయాదేవి స్వప్నమును, సిద్ధార్థుని మహాభినిష్క్రమణమును మీరు ఎన్నిమారులో చూచియున్నారు. వానిలో ఏ అంశమును జావా శిల్పముతో పోల్చి చూడవలెనో నాకు వ్రాసి పంపుడు. లండనులోనున్న చెల్లీ, ఆ అమరావతి ఫలకములలో కొన్ని నీ యూరి బ్రిటిష్ మ్యూజియములో నున్నవి; ఒక ఆదివారము పిల్లలను తీసికొనిపోయి, వారికి నచ్చిన ఒక ఘట్టమును ఫోటో తీసి మన వాట్సాప్ గుంపులో పెట్టుము. పెద్దమ్మా, ప్రంబనన్ రామాయణములో ఏ ఘట్టముకడ నేను ఎక్కువసేపు నిలువవలెనో మీరే నిర్ణయింపుడు.

బయలుదేరు లోపల వచ్చిన ప్రతి ప్రశ్నను కాగితముపై వ్రాసికొని వెంట తీసికొనిపోదును; ఒక్కొక్కదానికి ఆ శిల్పమునెదుటనే నిలిచి, కెమెరాతో బదులు చెప్పుదును. రాబోవు వీడియోకు ప్రణాళిక మీ ప్రశ్నలే. ఆలస్యము చేయక పంపుడు.