పిలవని పేరంటం

మగ్గం పని వెంట మన పెద్దలు షోలాపూరు వచ్చి తరాలు గడిచినవి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, సంతలో కన్నడం మనకు అలవాటైపోయినవి. ఇన్ని భాషలు నేర్చినందుకు బహుమానమా అన్నట్లు, వ్యాపార ప్రకటనలు కూడా అన్ని భాషల్లోనూ మన గడపకే వస్తున్నవి! పొద్దున్నే పత్రిక విప్పితే నాలుగు రంగు కాగితాలు జారి పడతవి. మధ్యాహ్నం తలుపు సందులోనుంచి మరి రెండు. ఇక ఫోను సంగతి చెప్పనే అక్కరలేదు.

"కాగితమే గదా, రద్దీకి వేస్తే పోలేదా?" అని కొందరనవచ్చు. మా అత్తగారు ముప్ఫయి యేళ్లు బీడీలు చుట్టి పింఛను సంపాదించుకున్నారు. ఏటేటా జీవిత ప్రమాణపత్రం ఇస్తేనే ఆ పింఛను సాగుతుంది. ఆ సంగతి గుర్తు చేస్తూ వచ్చిన కవరు, అప్పులిస్తామనే కవర్ల నడుమ ట్రంకు పెట్టెలో చేరింది. పింఛను ఆగిన తరువాత గాని అది బయట పడలేదు. పత్రం ఇచ్చాక డబ్బు వచ్చిందనుకోండి. కాని ఆ నెల మందులకు ఆమె మా ముందు చేయి చాపవలసి వచ్చింది. స్వార్జితంమీద బ్రతికిన మనిషికి అది చిన్న బాధ కాదు.

అప్పటినుండి మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాము. పత్రిక వేసే కుర్రవానికి, లోపలి కాగితాలు తీసి వేయమని చెప్పాము. తలుపుమీద "ప్రకటనలు వేయవద్దు" అని మరాఠీలోనూ తెలుగులోనూ వ్రాసి అంటించాము. పేరుమీద వచ్చే ప్రకటన కవరును విప్పకుండానే "అక్కరలేదు" అని పోస్టుమాన్‌కు తిరిగి ఇస్తున్నాము.

ఫోనుకూ ఉపాయమున్నది. ఇంగ్లీషులో స్టార్ట్ అని వ్రాసి, కొంచెం ఎడం విడిచి 0 అంకె వేసి 1909 నంబరుకు పంపితే చాలు. బ్యాంకు లావాదేవీల కబుర్లు మామూలుగానే వస్తవి. ఆ తరువాత కూడా ఎవరైనా విసిగిస్తే, 7 రోజులలోగా అదే నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. 2025కు ముందు ఈ గడువు 3 రోజులే. పంపినవారి పేరు చివర గీత, దాని పక్కన ఇంగ్లీషు "పి" అక్షరం వుంటే అది ప్రకటన అని పిల్లలకు కూడా తెలియజెప్పాము.

అన్నిటికంటె ముఖ్యం, మన నంబరు మనమే పంచిపెట్టకుండా వుండడం. ఎగ్జిబిషన్లలో లక్కీ డ్రా చీటీ నింపుతాము. మిక్సీ మాత్రం ఎన్నడూ రాదు, ఫోనులు మాత్రం వస్తవి! బిల్లు వేయడానికి నంబరు కావాలని పట్టుబట్టవద్దని వినియోగదారుల వ్యవహారాల శాఖవారు 2023లో దుకాణదారులకు సలహా ఇచ్చారు. కనుక ఇవ్వము అనడానికి మొహమాటపడనక్కరలేదు.

మనవారిలోనూ చద్దర్లు, తువ్వాళ్లు అమ్ముకొనే వర్తకులున్నారు. వారికీ ప్రకటన కావలె. మేము దానికి విరోధులము కాము. వద్దన్న ఇంటికి పంపవద్దనే మా మనవి.

ఇప్పుడు మా గూటిలో వారానికి రెండు మూడు కవర్లే వుంటున్నవి. అత్తగారు అద్దాలు పెట్టుకొని ప్రతిదీ తామే చదువుకుంటున్నారు.