నాన్నగారి పువ్వు

మా యింట్లో బ్రహ్మకమలం పూసే రాత్రి వీధిలో చాలామంది నిద్రపోరు. కడియం నర్సరీలో మా ఆవిడ కొన్న మొక్క అది. ఆకు అంచున మొగ్గ వేలాడటం మొదలుపెడితే చాలు, కబుర్లు వెళ్ళిపోతాయి. రాత్రి పది దాటేసరికి హారతి పళ్ళేలతో ఆడవాళ్ళూ, సెల్‌ఫోన్లతో పిల్లలూ చేరతారు. నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి గనుక పురాణం చెప్పవలసిన పని నా మీద పడింది. పద్మనాభుడి నాభిలోంచి మొదలుపెట్టి, "హిమాలయాల్లో తప్ప పూయని యీ పువ్వు మన రాజమండ్రిలో పూసిందంటే అది మన పూర్వజన్మ సుకృతం" అని ముగించేవాణ్ణి. అందరూ కళ్ళకద్దుకొని వెళ్ళేవారు.

మా అమ్మ మాత్రం వెనక కుర్చీలోంచి, "మీ నాన్న తెచ్చింది యిలా లేదురా" అనేది.

నాన్నగారు 1986లో బదరీనాథ్ వెళ్ళి ఒక ఎండుపువ్వు తెచ్చారు. అమ్మ దాన్ని పసుపు గుడ్డలో చుట్టి దేవుడి పెట్టెలో దాచుకుంది. నా కంటికి అది మొక్కజొన్న పొత్తు మీది ఎండు పొరలాగా కనిపించేది. "ఏదో గడ్డిపువ్వు అయ్యుంటుందమ్మా. యాత్రికులకి ఏదైనా అంటగడతారు" అన్నాను ఒకసారి, నలుగురూ ఉండగా. అమ్మ మారు మాట్లాడలేదు. నాన్నగారు పోయి అప్పటికి రెండేళ్ళయింది. ఆ మాట అన్నవాణ్ణి మరిచిపోయాను. విన్న మనిషి మరిచిపోయి ఉండదని నాకు తట్టలేదు.

2023 ఆగస్టులో కాలేజీ మిత్రులతో నేనూ హిమాలయాలకు బయలుదేరాను. మనుచరిత్రలో ప్రవరాఖ్యుడు పాదాలకు పసరు పూసుకొని క్షణంలో వెళ్ళాడు. ఆ పసరు మంచుకు కరిగిపోయి చిక్కులో పడ్డాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ కథ పాఠం చెబుతున్నాను గాని, మంచుకొండను కంటితో చూడటం నాకదే మొదలు. జోషీమఠ్ దాటి గోవింద్‌ఘాట్, అక్కడినుంచి ఎక్కువ భాగం కాలినడకన ఘాంగరియా చేరేసరికి, నాకు కరిగిపోయినవి మోకాళ్ళు.

ఘాంగరియా దగ్గరే పూలలోయ. 1931లో ఫ్రాంక్ స్మైత్ అనే ఇంగ్లీషువాడు కామెట్ శిఖరం ఎక్కి తిరిగి వస్తూ దారిలో దీన్ని చూసి, తరవాత దాని మీద పుస్తకమే రాశాడు. 2005లో ఇది ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేరింది. లోయ అందం నేను చెప్పను. చెప్పబోతే మళ్ళీ పాఠమవుతుంది. నా కథ మర్నాటిది.

మర్నాడు హేమకుండం ఎక్కాం. 4,300 మీటర్ల పైచిలుకు ఎత్తు. మెట్టుకొకసారి ఆగి ఊపిరి పీలుస్తున్నాను. ఒక బండల గుట్ట పక్కన, పాలిపోయిన లేతపసుపు రంగులో, పొరలు పొరలుగా ముడుచుకొని ఒక పువ్వు కనబడింది. నా గుండె ఝల్లుమంది. అది అమ్మ పెట్టెలోని పువ్వే! తేడా అల్లా అది ఎండినది, ఇది బ్రతికి ఉన్నది.

"ఇదేనండీ మేష్టారూ అసలు బ్రహ్మకమలం" అన్నాడు మాతో వచ్చిన వృక్షశాస్త్రం లెక్చరరు. కమలానికీ దీనికీ చుట్టరికం లేదట; చామంతి, పొద్దుతిరుగుడు దీని జ్ఞాతులు. పైకి రేకుల్లా కనిపించేవి రేకులు కావు, పల్చటి ఆకులు. అసలు పూలు లోపల ఉన్నాయి: చిన్నచిన్నవి, ముదురు ఊదారంగువి, గుత్తిగా. ఆ ఆకుపొరలు ఎండను లోపలికి రానిస్తాయి, చలిగాలిని రానివ్వవు. అందుచేత ఎండకాసినప్పుడు లోపల బయటికంటె వెచ్చగా ఉంటుంది. పుప్పొడి వానకు తడవదు. ఇంకా పైన ఫేన్‌కమల్ అని దీని దాయాది ఒకటుందట. అది ఒళ్ళంతా దూదిలాంటి నూగు కప్పుకొని, శాలువా చుట్టుకున్న ముసలాయనలా కూచుంటుందట.

ఇంత చలిలో ఆకుల్లోని నీళ్ళు గడ్డకట్టవా అని అడిగాను. "పానకం మామూలు నీళ్ళకంటె ఆలస్యంగా గడ్డకడుతుంది కదండీ" అన్నాడు. శీతకాలం వస్తోందని పొద్దు తగ్గటంతోనూ, రోజురోజుకీ పెరిగే చలితోనూ యీ మొక్కలకు తెలుస్తుంది. అప్పుడు లోపలి రసాల్లో చక్కెరలు పెంచుకుంటాయి. కణాల్లోని నీటిలో కొంత బయటికి పోతుంది. గడ్డకట్టేది కణాల బయట. లోపల ప్రాణం దక్కుతుంది. అయితే ఈ సన్నాహానికి వ్యవధి కావాలి. పుష్యమాసపు చలిని లెక్కచెయ్యని మొక్కే, నడివేసవిలో ఒక్క రాత్రి హఠాత్తుగా మంచు పేరుకుంటే మాడిపోవచ్చు.

మంచు వాటికి శత్రువనుకున్నాను. కాదట, దుప్పటి. పైన గాలి సున్నాకు ఇరవై డిగ్రీలు కింద ఉన్నా, దట్టమైన మంచు అడుగున నేల సున్నాకు దగ్గరలోనే ఉంటుంది. చాలా మొక్కలు ముందు ఏడే మొగ్గ కట్టుకొని, ఆ దుప్పటి కింద పడుకొని, మంచు కరగ్గానే పూస్తాయి. కొన్నిటికైతే చలి తగలనిదే పూత రాదు. మరి శీతకాలం వెచ్చబడితే? మంచు పల్చబడుతుంది. దుప్పటి లేని మొక్క చలికి చస్తుంది. వెచ్చదనం వల్ల చలికి చావటం! లేకపోతే మంచు ముందే కరిగి, మొక్క తొందరపడి చిగురిస్తుంది. తరవాత వచ్చిన ఒక్క చలిరాత్రి ఆ చిగురును నల్లగా చేస్తుంది.

"ఒక మొక్క పెరికి తీసుకుపోదామా? అమ్మ కోసం. ఏసీ గదిలో పెడతాను" అన్నాను సిగ్గు విడిచి.

"అది తప్పండీ. పైగా మీ ఏసీ గది దానికి రోహిణీకార్తె" అన్నాడు. ఎండ ఎక్కువైతే మొక్కకు శ్వాస ఎక్కువవుతుందట. దాచుకున్న చక్కెర కరిగిపోతుంది. సంపాదన పది, ఖర్చు ఇరవై అయిన సంసారం ఎన్నాళ్ళు సాగుతుంది? ఆ లెక్క మనకు తెలియనిది కాదు.

వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. అందుకే లోకం వేడెక్కేకొద్దీ మొక్కలు పైకి జరుగుతున్నాయి. స్విట్జర్లాండులో పిజ్ లినార్డ్ అనే శిఖరం కొన మీద 1835లో ఓస్వాల్డ్ హేర్ అనే శాస్త్రవేత్తకు ఒకే ఒక జాతి మొక్క కనిపించింది. 2011లో అక్కడే పదహారు జాతులు లెక్కపెట్టారు. కిందివాళ్ళు పైకి వస్తున్నారన్నమాట. మరి పైనున్నవాళ్ళు? కొండ ఎక్కేకొద్దీ సన్నబడుతుంది. కొన తరవాత ఆకాశమే.

ఆ పువ్వు దగ్గర చాలాసేపు కూచున్నాను. కొయ్యలేదు. నాన్నగారు తెచ్చిందీ ఎవరో కోసి అమ్మిందే గదా అన్న ఆలోచన వచ్చింది, బాగులేదు.

ఇంటికి వచ్చిన రాత్రి అమ్మ పక్కన కూచుని పెట్టె తెరవమన్నాను. గుడ్డ విప్పి, పువ్వును దీపానికి ఎదురుగా పట్టుకున్నాను. ముప్ఫయ్యేడేళ్ళ తరవాత కూడా ఆ పొరల్లోంచి వెలుగు వచ్చింది. మధ్యన నల్లబడిన గుత్తి కనిపించింది.

"ఇదేనమ్మా అసలుది. ఆ రోజు నేను తెలియక అన్నాను" అన్నాను.

అమ్మ పువ్వు తీసుకొని మళ్ళీ చుట్టింది. "అక్కడ బాగా చలిగా ఉందా? స్వెట్టరు వేసుకున్నావా?" అంది.

సెప్టెంబరులో పెరటి మొక్క మళ్ళీ మొగ్గ వేసింది. అది మెక్సికో, మధ్య అమెరికా అడవుల జెముడు జాతి. హేమకుండం మీద పెడితే ఒక్క శీతకాలం బ్రతకదు. పేరు ఒకటే గాని, ఒకరి యింట్లో మరొకరికి చావే. ఆ సంగతి తెలిశాక పురాణం ఎలా చెప్పను? వచ్చినవాళ్ళ ముందు నీళ్ళు నములుతూ నిలబడ్డాను.

"చెప్పరా, హారతి పళ్ళేలు పట్టుకొని నిలబడ్డారు" అంది అమ్మ వెనక కుర్చీలోంచి.

యీసారి మెక్సికోనుంచి మొదలుపెట్టాను. పక్కింటి పిన్నిగారు అంతా శ్రద్ధగా విని, హారతి యిచ్చే వెళ్ళారు.