మా మనుమరాలు గ్లాసు పట్టిన దినము

ప్రియ తల్లులారా, అమ్మమ్మలారా, నాయనమ్మలారా, నా తప్పును దాచుకొనక మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. మాది తొర్రూరు. నా కుమారుడును కోడలును తెల్లవారకముందే పనికి పోవుదురు గనుక పిల్లల పెంపకము నా చేతిమీదనే జరుగుచున్నది.

మొదటి మనుమడు పుట్టినప్పుడు పాలసీసా నాకు గొప్ప సహాయముగా కనబడెను. ఏడ్చినచో సీసా, నిద్రకు సీసా. ఆదివారపు ఆరాధనలో వాడు కేక వేసినచో నలుగురు తిరిగి చూచెదరని వెంటనే నోట సీసా పెట్టెడిదానను. రాత్రులు పాలలో రెండు చెంచాల చక్కెర కలిపి, సీసా నోటనుండగానే పండుకొనబెట్టెడిదానను. వానికి మూడేండ్లు వచ్చునప్పటికి పైవరుసలోని ముందు పండ్లు నాలుగును నల్లబడి మొదళ్లవరకు పుచ్చిపోయెను. ఒక రాత్రి చెంప పట్టుకొని తెల్లవారువరకు ఏడ్చెను.

మరునాడు బస్సెక్కి వరంగల్లు పోయి దంతవైద్యునికి చూపితిమి. "పాలపండ్లే గద సారూ, ఎట్లయినా ఊడిపోయేటివే గద" అంటిని. ఆయన ఓపికతో ఇట్లు చెప్పెను: "అట్ల కాదమ్మా. పగలు నోట్ల ఊరే ఉమ్మి పండ్లను కడుగుతుంటది. నిద్రల ఉమ్మి తగ్గుతది. తియ్యటి పాలు పండ్ల మీద నిలిస్తే, క్రిములు వాటిని ఆమ్లం చేస్తయి. ఆ ఆమ్లమే పన్నును తింటది. పాలపండ్లు పాడైతే పిల్లగాడు నమలలేడు. ముందుగాల ఊడితే వెనక వచ్చే పండ్లు వంకర పోతయి."

తిరుగు ప్రయాణములో వాడు నా ఒడిలో నిద్రపోయెను. ఆ రాత్రి సీసాను వాని ఆకలికొరకు ఇచ్చితినా, నా నిద్రకొరకు ఇచ్చితినా అని నన్ను నేనే అడుగుకొంటిని. జవాబు నాకు తెలిసినదే.

అటుపిమ్మట రెండేండ్లకు మనుమరాలు పుట్టెను. మన పెద్దల కాలమున ఇంటింట ఉగ్గుగిన్నె ఉండెడిది. సీసాలు తరువాత వచ్చినవి. మన దేశములో 1992లో చట్టము చేసి పాలసీసాల ప్రకటనలను నిషేధించిరి. సీసా మూలలు శుభ్రపడుట కష్టము. గ్లాసును ఒక్క తోముతో కడుగవచ్చును.

పిల్ల ఆరు నెలలు నిండి, కూర్చుండ నేర్చిన పిమ్మట, చిన్న స్టీలు గ్లాసు అడుగున రెండు గుక్కల నీళ్లు పోసి పెదవికి ఆనించితిని. నిండుగ పోసినచో ఉక్కిరిబిక్కిరి యగును. మొదట నీళ్లన్నియు గౌనుమీదనే పడెను. వాకిట చాప వేసి కూర్చుండబెట్టితిని. ఒలికినను చింత లేదు. ఏడాది నిండునప్పటికి రెండు చేతులతో తానే పట్టి త్రాగెను.

అయినను రాత్రి సీసా ఒకటి దానికిని అలవాటైపోయెను. ఏడాదిన్నర వయస్సులో దానిని మాన్పించితిమి. మూడు రాత్రులు ఏడ్చెను. రెండవ రాత్రి నేను తాళలేక సీసాకొరకు చేయి చాచితిని. అప్పుడు మనుమడు నిద్రమంచము మీదనుండి లేచి, "నాయినమ్మా, చెల్లెకు వద్దు, పండ్లు నొస్తయి" అనెను. నా చేయి వెనుకకు వచ్చెను. గ్లాసుతో నీళ్లు త్రాగించి, భుజముమీద వేసికొని తెల్లవారువరకు తిరిగితిని. నాలుగవ రాత్రి నిద్రపోయెను.

ఇక పండ్లు తోముట. మొదటి పన్ను కనబడినది మొదలు తడిగుడ్డతో తుడిచి, పిమ్మట చిన్న మెత్తని బ్రష్షు పట్టవలెను. మూడేండ్లలోపు బియ్యపుగింజంత పేస్టు చాలును. ఆ తరువాత ఆరేండ్లవరకు బఠాణిగింజంత. ఉమ్మివేయ నేరని పిల్లలు పేస్టును మ్రింగుదురు. అందులోని ఫ్లోరైడు కొంచెమైనచో పంటిని గట్టిపరచును, మితిమీరి మ్రింగినచో ఎదుగుచున్న పండ్లపై మచ్చలు తెచ్చును. మన పొరుగున నల్లగొండ ప్రాంతములో నీళ్లలోని ఫ్లోరైడు ఎంత పని చేసెనో మనమెరుగుదుము.

ఉదయము నేను వాకిట పందుంపుల్ల నమలుచుండగా అది నా ప్రక్కన కూర్చుండి బ్రష్షు నమలును. మొదట దాని ఇష్టము తీరనిచ్చెదను. పిమ్మట తల నా ఒడిలో పెట్టుకొని నేనే తోమెదను. ఏడెనిమిదేండ్లవరకు ఈ పని పెద్దలే ముగింపవలెను, చిన్నచేతులకు ఆ నేర్పు చాలదు. రాత్రి తోముట మాత్రము ఎన్నడును మరువరాదు. తోమిన తరువాత నీళ్లు తప్ప మరేమియు ఇయ్యను.

మనుమనికి ఇప్పుడు ఏడేండ్లు. పైవరుసలో కొత్త పండ్లు తెల్లగా వచ్చుచున్నవి. అయినను నవ్వునప్పుడు నోటికి చేయి అడ్డుపెట్టుకొనును. ఆ అలవాటు వానికి నా వలననే కలిగినది.

ప్రియులారా, పిల్ల ఒలికించిన నీళ్లను తుడుచుటకు ఒక గుడ్డపేలిక చాలును. వచ్చే ఆదివారము ఆరాధనలో మా పిల్ల కేక వేసినచో దయచేసి వెనుకకు తిరిగి చూడకుడి. నేను దానికి గ్లాసుతో నీళ్లు త్రాగించుచుందును.