నాందీలో దిగి సువా చూడకుండా వెళ్లిపోతే

ఫిజీ చూడ్డానికి వచ్చే మనవాళ్ల విమానం నాందీలో దిగుతుంది. అక్కడే పడవెక్కి పడమటి దీవుల్లో ఏదో ఒక రిసార్టుకు చేరడం, నాలుగు రోజులు నీళ్లలో ఆడుకోవడం, మళ్లీ నాందీకొచ్చి విమానం ఎక్కేయడం. రాజధాని సువా నాందీ ఉన్న పెద్ద దీవికే అటు కొసన, బస్సులో నాలుగు గంటల దూరాన ఉంటుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊరు. ఫొటోల్లో కనిపించే తెల్లటి ఇసుక తీరం ఇక్కడ లేదు. అందుకే ఎవరి ప్రయాణంలోనూ సువాకి చోటు దొరకదు. ఇక్కడ కాపురముంటున్న తెలుగువాడికి ఇది మనసుకు కష్టం కలిగించే సంగతి. ఈ దేశం ఎలా తయారైందో, మన జిల్లాల మనుషులు ఇందులోకి ఎలా వచ్చిపడ్డారో తెలిసేది ఈ వాన ఊళ్లోనే మరి.

ఊరికి తూర్పున, కొన్ని మైళ్ల అవతల సముద్రంలో నుకులావ్ అనే చిన్న దీవి ఉంది. కొబ్బరిచెట్లు, కాస్త ఇసుక, అంతే. సెలవు రోజుల్లో సువా కుటుంబాలు వంటలు కట్టుకుని పడవల్లో అక్కడికి వెళ్తుంటాయి. సువా కథ చెప్పాలంటే ముందు ఆ దీవి దగ్గరికే వెళ్లాలి.

1849 జులై 4న అమెరికా స్వాతంత్ర్య దిన సంబరాల్లో నుకులావ్‌లో ఉన్న అమెరికా వాణిజ్య ప్రతినిధి జాన్ బ్రౌన్ విలియమ్స్ ఇల్లు కాలిపోయింది. మంటల్లోంచి మిగిలిన సామాన్లను స్థానికులు పట్టుకుపోయారు. ఆయన ఆ నష్టానికి లెక్క కట్టాడు. మిగతా అమెరికన్లూ తమ తమ దావాలు దానికి జతచేశారు. కొన్నేళ్లలో మొత్తం 40 వేల డాలర్లు దాటింది. ఆ భారమంతా తీసుకెళ్లి బావు దీవి దొర థాకోంబౌ నెత్తిన పెట్టారు. ఫిజీకంతటికీ రాజువి నువ్వే కాబట్టి నువ్వే కట్టాలన్నారు, యుద్ధనౌకలు పంపి బెదిరించారు. అప్పటికి ఫిజీ అంతా ఆయన మాట వినేదే కాదు.

1868లో మెల్‌బోర్న్‌కు చెందిన పాలినీషియా కంపెనీ ఒక బేరం తెచ్చింది: అప్పు మేం తీరుస్తాం, 2 లక్షల ఎకరాలు మాకివ్వండి. సువా ఆ ఎకరాల్లో ఉంది. 1870లో ఆస్ట్రేలియా నుంచి తెల్లవాళ్లు దిగి పత్తి వేశారు, నిలవలేదు. చెరుకు వేశారు, అదీ అచ్చిరాలేదు. నేల సేద్యానికి లొంగదని తేలాక, భూములు చేతిలో ఉన్న వ్యాపారులు రాజధానినే ఇక్కడికి రప్పించాలని చూశారు. అప్పటి రాజధాని లెవూకా, ఓవలావ్ దీవిలో నిటారు కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు. పెరగడానికి గజం చోటు లేదు. సువాలో ప్రభుత్వానికి స్థలాలిస్తామన్నారు. 1877లో నిర్ణయం జరిగింది, 1882లో కచేరీలన్నీ తరలివచ్చాయి. ఇక్కడ తరతరాలుగా ఉన్న ఊరివాళ్లను మాత్రం రేవుకు అవతలి గట్టున సువావౌకి పంపేశారు. తమ భూమికి న్యాయమైన పరిహారం ఇవ్వమని వాళ్ల వారసులు అడుగుతూనే వచ్చారు.

1874లో ఫిజీ బ్రిటిషు వలస అయింది. మరుసటి ఏడాది వచ్చిన గవర్నరు ఆర్థర్ గోర్డన్, ఇతౌకేయిల, అంటే ఇక్కడి మూలవాసుల, భూమిని ఇక అమ్మకూడదని కట్టుబాటు చేశాడు, వాళ్లను తోటపనికి లాగకూడదన్నాడు. ఈ దేశంలో నూటికి 85 పాళ్లకు పైగా భూమి నేటికీ ఇతౌకేయిల ఉమ్మడి ఆస్తిగా మిగిలిందంటే ఆ విధానం వల్లే. మరి చెరుకు నరికేదెవరు? ఆ ప్రశ్నకు ఆయన హిందూదేశం వైపు చూశాడు. 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ మొదటి ఒప్పంద కూలీలను తెచ్చింది. 1916 దాకా 60 వేలమందికి పైగా వచ్చారు. 1903 నుంచి మద్రాసు రేవులో కూడా ఎక్కించుకోవడం మొదలెట్టారు. అలా వచ్చిన సుమారు 15 వేలమందిలో ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్లు ఉన్నారు. సువా రాజధాని అయ్యాక ఓడలు కూలీలను దించింది నుకులావ్‌లోనే. రోగాలున్నాయేమోనని కొన్నాళ్లు ఆ దీవిలో ఉంచి, ఆ తర్వాత తోటలకు పంచేవారు. గిర్మిట్ అని పిలిచే అయిదేళ్ల కూలి ఒప్పందం అక్కడి నుంచి మొదలు.

ఆ బతుకు గురించి ఇక్కడి ముసలివాళ్లు తక్కువ మాట్లాడతారు. కూలీ లైన్లలోని ఇరుకు గదులు, ఇంత పని చేస్తేనే కూలి అనే పద్ధతి, కొరడా పట్టుకున్న సర్దారు. అన్ని ప్రాంతాలవాళ్లకూ అర్థమయ్యే మాటగా ఫిజీ హిందీ ఆ లైన్లలోనే తయారైంది. తెలుగు వెనక్కి పోయింది. అయినా వదిలేయలేదు వాళ్లు. 1926లో దక్షిణాదివాళ్లందరి కోసం సంగం అనే సంస్థ ఏర్పడి బడులు పెట్టింది. 1941లో తెలుగువాళ్లు తమ భాష కోసం దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. చెరుకు నరికిన చేతులతో బడులు కట్టుకున్నవాళ్ల ముందు, చదువుకుని విమానమెక్కి వచ్చిన మనబోటివాళ్లం తల వంచాలి.

ఇక రాజకీయం. సువా నడిబొడ్డున 1939లో పూర్తయిన ప్రభుత్వ భవనాలు బూడిదరంగులో, గడియారపు గోపురంతో గంభీరంగా కనిపిస్తాయి. 1987 మే 14 ఉదయం పది గంటలకు ముసుగులేసుకున్న సైనికులు అక్కడి పార్లమెంటు హాల్లోకి వచ్చారు. లెఫ్టినెంట్ కల్నల్ సితివేని రంబూకా అధికారం చేజిక్కించుకున్నాడు. ప్రధాని తిమోథి బవాంద్ర ప్రభుత్వానికి అప్పటికి నెల వయసు. ఆయన ఇతౌకేయే, కానీ మంత్రివర్గంలో భారత సంతతివాళ్లు ఎక్కువన్నది అభ్యంతరం. లియోనిడాస్ వచ్చిన రోజుకు సరిగ్గా 108 ఏళ్లు. ఆ తర్వాత డాక్టర్లు, టీచర్లు, లెక్కలు రాసేవాళ్లు సంసారాలతో సహా ఆస్ట్రేలియాకూ న్యూజిలాండుకూ వెళ్లిపోసాగారు. ఒకప్పుడు జనాభాలో సగం దాకా ఉన్న భారత సంతతి 2007 జనగణన నాటికి 37.5 శాతానికి తగ్గింది.

పదేళ్ల తర్వాత అదే రంబూకా, ప్రతిపక్ష నాయకుడు జయరామ్ రెడ్డితో కూర్చుని 1997 రాజ్యాంగానికి రూపమిచ్చాడు. లౌటోకాలో పుట్టిన దక్షిణాది సంతతి న్యాయవాది రెడ్డి. ఇతౌకేయి పెద్దల మహాసభలో ప్రసంగించిన మొదటి భారత సంతతి నాయకుడు ఆయనే. 1999 ఎన్నికల్లో ఆయన పార్టీకి ఒక్క సీటు రాలేదు. రంబూకా కూడా అధికారం కోల్పోయాడు. ఆ రాజ్యాంగం కిందే మహేంద్ర చౌధురి భారత సంతతి నుంచి తొలి ప్రధాని అయ్యాడు. ఏడాది తిరిగేసరికి, 2000 మే 19న జార్జ్ స్పైట్ అనే అతని సాయుధ ముఠా సువాలోని వెయుతోలో అప్పుడున్న పార్లమెంటులో చౌధురినీ సహచరులనూ 56 రోజులు బందీలుగా పెట్టింది. రాజద్రోహం నేరానికి స్పైట్‌కు శిక్ష పడింది. ఆయన్ను మొదట బంధించిన చోటు మళ్లీ ఆ నుకులావే. 2024లో క్షమాభిక్షతో విడుదలయ్యాడు.

అదే కాలంలో చెరుకు భూముల 30 ఏళ్ల కౌళ్లు ఒక్కొక్కటే తీరిపోయాయి. కౌలు పొడిగింపు దొరకని రైతులు మూటాముల్లె సర్దుకుని సువాకి వచ్చారు. సువాకీ పొరుగు పట్టణం నౌసోరికీ మధ్య రోడ్డు పక్కన కనిపించే రేకుల ఇళ్లల్లో చాలా వాటి కథ ఇదే. ఆ దారిలో వెళ్లేవాళ్లు కాసేపు వాటివైపు చూడాలి.

2006లో సైన్యాధిపతి బైనిమరామా ఇంకో తిరుగుబాటు చేశాడు. 2013 రాజ్యాంగంతో జాతులవారీ సీట్లు పోయాయి. 2022 డిసెంబరులో పార్లమెంటులో 27కు 28 ఓట్లతో గెలిచి ప్రధాని అయింది, వేరెవరో కాదు, రంబూకా. 2023 మేలో గిర్మిటియాల, అంటే ఒప్పంద కూలీల, వారసుల ఎదుట 1987కి క్షమాపణ చెప్పాడు. మే నెలలో గిర్మిట్ దినం సెలవు కూడా ఆ ఏడాదే మొదలైంది. ఆ క్షమాపణను చౌధురి అంగీకరించాడు. వలసపోయినవాళ్లు తిరిగిరారు, నిజమే. అయినా ఆ మాట బహిరంగంగా చెప్పడం ఈ దేశానికి మేలు చేసిందనే ఈ రచయిత నమ్మకం.

ఇవన్నీ జరిగిన చోట్లను చూడటానికి కాళ్లుంటే చాలు. ప్రభుత్వ భవనాల ఎదురుగా ఆల్బర్ట్ పార్కు. 1928 జూన్‌లో పసిఫిక్ మహాసముద్రాన్ని తొలిసారి దాటుతూ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ తన సదరన్ క్రాస్ విమానాన్ని ఆ మైదానంలోనే దించాడు. సముద్రపు ఒడ్డున 1914 నాటి గ్రాండ్ పసిఫిక్ హోటల్ తెల్లగా మెరుస్తుంటుంది. 1992లో మూతపడి పాడుబడిపోయినదాన్ని బాగుచేసి 2014లో తెరిచారు. థర్‌స్టన్ తోటలోని ఫిజీ మ్యూజియంలో 1913లో కట్టిన జంట డొప్పల దోనె రాతు ఫినావ్, బౌంటీ ఓడ చుక్కాని ఉన్నాయి.

అన్నిటికన్నా మార్కెట్టుకు వెళ్లాలి. కింద చేమదుంపల గుట్టలు, కర్రపెండలం, చేమాకు కట్టలు, పచ్చిమిర్చి. పై అంతస్తులో యంగోనా అనే మొక్క వేళ్లు ఎండబెట్టి కట్టలు కట్టి పెట్టుంటారు. ఆ వేళ్ల పొడిని బట్టలో వేసి నీళ్లలో పిసికి, చెక్క గిన్నెలోంచి కొబ్బరి చిప్పతో అందిస్తారు. ఒకసారి చప్పట్లు కొట్టి, ఒక్క గుక్కలో తాగి, మళ్లీ మూడుసార్లు చప్పట్లు. మట్టివాసన, నాలుక మొద్దుబారడం. ఇతౌకేయి ఇంట్లోనే కాదు, భారత సంతతి ఇళ్లల్లోనూ సాయంత్రం ఆ గిన్నె చుట్టూ చేరతారు.

హోవెల్ రోడ్డులోని మారియమ్మ గుడిలో ఏటా పదిరోజుల దీక్ష పట్టి, పసుపు బట్టలతో భక్తులు గుండం తొక్కుతారు. సువాకి నైరుతిన బెంగా దీవివాళ్లు తమ ఆచారం ప్రకారం కాలిన రాళ్ల మీద నడుస్తారు. రెండూ ఒక దేశంలోవే.

జాతీయ అభిలేఖాగారం కూడా సువాలోనే ఉంది. ప్రతి కూలీకి ఓడెక్కే ముందు ఇచ్చిన వలస పాసులు అక్కడ భద్రపరిచారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది పుట్టుమచ్చ. గుమస్తాలు చెవికి వినపడ్డట్టు ఇంగ్లిషులో రాసుకోవడంతో ఊళ్ల పేర్లు సగం గుర్తుపట్టలేం. ముత్తాత ఊరు ఎక్కడని మునిమనవలు ఆ కాగితం ఇక్కడి తెలుగువాళ్ల చేతిలో పెడతారు. ఆ అక్షరాలు చదివి పాత తాలూకాల పేర్లతో పోల్చగలిగేది కోస్తా జిల్లాల్లో పుట్టిపెరిగినవాళ్లే. ఇంట్లో 1903 తర్వాత మద్రాసులో ఓడెక్కి తిరిగిరాని మనిషి గురించిన మాట ఏదైనా మిగిలుంటే, ఆయన తండ్రి పేరు, ఊరి పేరు రాసుకుని సువాకి రండి. నాందీ నుంచి బస్సులు రోజంతా ఉంటాయి.